రోటరీ ఇంజిన్‌కు అదనపు శక్తి: పొగ పరీక్ష నెగ్గితే సరిపోతుందా?

పుదుచ్చేరి: ఇంజిన్ శక్తిని పెంచుకోవాలన్న ఆరాటం ఒకవైపు, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం తప్పనిసరి అన్న నిబంధన మరోవైపు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం ఏ వాహనానికైనా కష్టమే. రోటరీ ఇంజిన్ విషయంలో అది మరింత కఠినం. ఇలాంటి కార్లు మన రహదారులపై అత్యంత అరుదు. అయినా ఇంజిన్ మార్పులకు, పొగ పరీక్షకు మధ్య ఉన్న సంబంధాన్ని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు.

నిర్మాణంలోనే చిక్కు

జర్మన్ ఇంజినీరు ఫెలిక్స్ వాంకెల్ రూపకల్పన చేసిన రోటరీ ఇంజిన్ నమూనా 1957లో తొలిసారి పనిచేసింది. జపాన్‌కు చెందిన మాజ్డా 1967లో కాస్మో స్పోర్ట్‌తో ఈ బాట పట్టింది. ఆ తరువాత ఆర్ఎక్స్-7, ఆర్ఎక్స్-8 కార్లను తెచ్చింది. 1991లో రోటరీ ఇంజిన్ ఉన్న 787బి కారుతో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. మన దేశంలో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ సైతం మానవరహిత విమానం 'నిశాంత్' కోసం వాంకెల్ ఇంజిన్‌ను అభివృద్ధి చేసింది.

ఈ ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు. మూడు అంచుల రోటర్ ఒక గదిలో తిరుగుతూ గాలి–ఇంధన మిశ్రమాన్ని పీల్చి, అదిమి, మండించి, బయటకు నెడుతుంది. కదిలే భాగాలు తక్కువ కాబట్టి ఇంజిన్ చిన్నదిగా, తేలికగా ఉంటుంది. కానీ దహన గది పొడవుగా, పలుచగా ఉండటంతో మంట చల్లని గోడల దగ్గరే ఆరిపోతుంది. రోటర్ అంచుల సీళ్ల పక్క నుంచి కొంత మిశ్రమం జారిపోతుంది. సీళ్లు అరగకుండా చిమ్మే నూనె కూడా దహనంలో కలుస్తుంది. ఫలితంగా మండని హైడ్రోకార్బన్లు పిస్టన్ ఇంజిన్‌లో కంటే ఎక్కువగా వెలువడతాయి.

ఏ మార్పు దేనికి దారి?

శక్తి పెంచడమంటే ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని పంపి, తగినంత ఇంధనాన్ని మండించడమే. ఇందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది పోర్టింగ్, అంటే గాలి ద్వారాలను కోసి పెద్దవి చేయడం. ఎగ్జాస్ట్ ద్వారం మూసుకోకముందే ఇన్‌టేక్ ద్వారం తెరుచుకునే వ్యవధి దీనివల్ల పెరుగుతుంది. అధిక వేగంలో ఇది లాభమే. ఐడిల్ వేగంలో మాత్రం వెళ్లిపోవాల్సిన పొగ తాజా మిశ్రమంతో కలిసి దహనం తడబడుతుంది. పొగ పరీక్ష జరిగేది సరిగ్గా ఆ వేగంలోనే. ఈ వ్యవధిని తొలగించేందుకే ఆర్ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ ద్వారాలను పక్క గోడలకు మార్చారు.

రెండోది టర్బోచార్జర్. ద్వారాలను ముట్టుకోకుండా, భారం పడినప్పుడే అదనపు గాలిని అందిస్తుంది కాబట్టి ఐడిల్‌పై ప్రభావం తక్కువ. ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌లో ఐడిల్, సాధారణ ప్రయాణ వేగాల వద్ద గాలి–ఇంధన నిష్పత్తిని లాంబ్డా 1 దగ్గర నిలిపి, పూర్తి భారంలోనే ఇంధనం పెంచితే కన్వర్టర్ సక్రమంగా పనిచేస్తుంది. ఆ అదనపు ఇంధనం మోతాదు మించితే రోటరీ ఎగ్జాస్ట్ వేడికి కన్వర్టరే దెబ్బతింటుంది. దాన్ని పూర్తిగా తీసేస్తే పరీక్ష నెగ్గే ఆశ దాదాపు వదులుకోవలసిందే. పొగ సులువుగా సాగే లోహపు గూడు ఉన్న కన్వర్టర్ అమర్చడం మధ్యేమార్గం.

పరీక్ష కొలిచేదేమిటి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 115వ నిబంధన ప్రకారం బీఎస్-4 పెట్రోలు కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించరాదు. నిమిషానికి సుమారు 2,500 భ్రమణాల వద్ద కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతానికి లోబడి, లాంబ్డా 0.97–1.03 మధ్య ఉండాలి.

తీర పట్టణమైన పుదుచ్చేరిలో మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పుగాలికి ఎగ్జాస్ట్ గొట్టాలు తుప్పు పడతాయి. చిల్లి పడితే బయటి గాలి లోపలికి చేరి లాంబ్డా కొలత తప్పుతుంది. ఇంజిన్ బాగున్నా బండి పరీక్షలో తప్పవచ్చు. కన్వర్టర్ వేడెక్కకముందే పరీక్షకు నిలిపినా ఫలితం అంతే.

నెగ్గినా మిగిలే ప్రశ్న

ఈ పరీక్ష నిలిచి ఉన్న బండికి, భారం లేని ఇంజిన్‌కు జరుగుతుంది. రహదారిపై పూర్తి శక్తితో దూసుకుపోతున్నప్పుడు వెలువడే పొగను అది కొలవదు. అందువల్ల ధ్రువపత్రం చేతిలో ఉండటం, బండి నిజంగా శుభ్రంగా ఉండటం ఒకటి కావు.

చట్టం దృష్టిలోనూ అవి వేరు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పునకు యజమానికి రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని 182ఏ సెక్షన్ చెబుతోంది. కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు 190వ సెక్షన్ కింద రూ. 10,000 వరకు జరిమానా పడవచ్చు. కేంద్ర చట్టం కాబట్టి పుదుచ్చేరి పట్టణానికైనా, తెలుగువారి యానాంకైనా ఇవే వర్తిస్తాయి. చెప్పకుండా చేసిన మార్పులు ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం దగ్గర వివాదానికీ దారితీయవచ్చు.

వేగమే ధ్యేయమైనవారికి చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది. అక్కడికి బండిని ట్రైలర్‌పై తీసుకువెళ్లవచ్చు. రహదారిపై తిరిగే బండికి మాత్రం శక్తి పెంచే పని మొదలుపెట్టకముందే రవాణా శాఖను సంప్రదించడం శ్రేయస్కరం. కోసిన ద్వారాన్ని తిరిగి పూడ్చడం కష్టం. అడగడానికి పట్టేది ఒక పూట మాత్రమే.