ముఖానికి రాసే క్రీములో ఏముంది?

మీరు మీ ఇంటి మనిషి వైద్యం కోసం ఈ ఆసుపత్రికి వచ్చారు. డాక్టరు రాసిన చీటీ ప్రకారం మందులు తెచ్చి వేళకు వేస్తున్నారు. ఏ మాత్ర ఎందుకో నర్సమ్మను అడిగి తెలుసుకుంటున్నారు. మరి ఇంట్లో అద్దం దగ్గరుండే క్రీము ట్యూబు సంగతి ఏమిటి? దానిని ఎవరు రాసిచ్చారు? అందులో ఏముందో ఎప్పుడైనా చదివారా?

సిద్దిపేటలోనైనా, దుబ్బాకలోనైనా, గజ్వేల్‌లోనైనా చాలా ఇళ్లలో జరిగేది ఇదే. అమ్మాయికి సంబంధాలు చూస్తుంటారు. ముఖాన నాలుగు మొటిమలు, కొంచెం మంగు ఉంటాయి. పక్కింటి వదిన ఒక క్రీము పేరు చెబుతుంది. మందుల షాపులో చీటీ అడగకుండానే ఇచ్చేస్తారు. వారంలో ముఖం నిజంగానే తెల్లబడుతుంది. అందరూ సంతోషిస్తారు. రెండు మూడు నెలలు గడిచేసరికి ముఖం ఎర్రబడుతుంది, ఎండలోకి వెళితే మండుతుంది, మొటిమలు మునుపటికంటే ఎక్కువవుతాయి. క్రీము మానేస్తే మంట ఇంకా పెరుగుతుంది. దాంతో భయపడి మళ్లీ అదే క్రీము రాస్తారు.

ఈ చిక్కులో పడకుండా ఉండాలంటే ట్యూబు ముందున్న బొమ్మను కాదు, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న మందు పేరును చూడాలి. ఇంగ్లీషు చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లలతో చదివించండి.

చర్మం తన పని తాను ఎలా చేసుకుంటుంది?

చర్మం పై పొర పాతబడి రాలిపోతూ, కింద నుండి కొత్త పొర వస్తూ ఉంటుంది. ఇందుకు సుమారు 4 వారాలు పడుతుంది. అందువల్ల మంచి మందు ఏదైనా ఫలితం చూపడానికి కనీసం 4 నుండి 8 వారాలు కావాలి. మచ్చలకైతే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. వారంలో తెల్లబరిచే క్రీమును అనుమానించవలసింది ఇందుకే.

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. అది ఎండ నుండి మనలను కాపాడే గొడుగు వంటిది. చామనఛాయ రోగం కాదు, దానికి మందు అవసరం లేదు. మొటిమలు, మంగు మచ్చలు, పొడిబారడం, పగుళ్లు - వీటికి మాత్రం మంచి మందులున్నాయి.

మేలు చేసే పదార్థాలు

1. గ్లిజరిన్, పెట్రోలియం జెల్లీ: గ్లిజరిన్ చర్మంలో తేమను పట్టి ఉంచుతుంది. పెట్రోలియం జెల్లీ ఆ తేమ పోకుండా మూతలా పనిచేస్తుంది. స్నానం చేసిన వెంటనే, ఒళ్లు కొంచెం తడిగా ఉన్నప్పుడే రాయాలి. వృద్ధులకు, చలికాలంలో దురదతో బాధపడేవారికి ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.

2. యూరియా: ఇది పొలంలో చల్లే ఎరువు కాదు. మందుల షాపులో దొరికే యూరియా క్రీము. 10 శాతం ఉన్నది పొడి చర్మాన్ని మెత్తబరుస్తుంది. అంతకంటే ఎక్కువ శాతం ఉన్నది మడమల పగుళ్లకు వాడతారు. షుగరు ఉన్నవారు కాలి వేళ్ల సందుల్లో ఏ క్రీమూ రాయరాదు. పుండు ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి.

3. నియాసినమైడ్: ఇది బి3 విటమిన్. చర్మపు పై పొరను గట్టిపరుస్తుంది, జిడ్డును తగ్గిస్తుంది, మచ్చలను నెమ్మదిగా పలుచబరుస్తుంది. 4 లేదా 5 శాతం చాలు. 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చి, 2020లో పేరు మార్చుకున్న ఫెయిర్ అండ్ లవ్లీ క్రీములోనూ ఈ విటమిన్ వాడారు. అయితే ఇది పుట్టుకతో వచ్చిన రంగును మార్చదు.

4. శాలిసిలిక్ ఆసిడ్: చర్మ రంధ్రాలలో పేరుకున్న మృతకణాలను కరిగిస్తుంది. నల్లటి ముక్కులు, చిన్న మొటిమలు ఉన్నవారికి 2 శాతం వరకు పనికివస్తుంది. ఆనెలకు అమ్మే ఘాటైన శాలిసిలిక్ మందును ముఖానికి రాస్తే చర్మం కాలిపోతుంది.

5. బెంజాయిల్ పెరాక్సైడ్: మొటిమలను పెంచే క్రిములను చంపుతుంది. 2.5 శాతంతో మొదలుపెట్టాలి. శాతం పెంచితే మంట పెరుగుతుంది తప్ప మేలు అంతగా పెరగదు. దిండు గలీబులు, తువ్వాళ్ల రంగు పోగొడుతుంది కనుక జాగ్రత్త.

6. అడాపలీన్, ట్రెటినోయిన్: ఇవి ఎ విటమిన్ కుటుంబానికి చెందిన మందులు. మొటిమలకు చాలా మంచివి. డాక్టరు సలహాతో, రాత్రిపూట మాత్రమే, ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. మొదటి వారాలలో పొట్టు లేస్తుంది. గర్భిణులు, గర్భం కోసం ఎదురుచూస్తున్నవారు వీటిని వాడరాదు.

7. అజెలాయిక్ ఆసిడ్: మొటిమలకు, మంగు మచ్చలకు రెండింటికీ పనిచేస్తుంది. గర్భిణులకు కూడా డాక్టర్లు దీనిని రాస్తారు.

8. సి విటమిన్: ఎండ వల్ల కలిగే హానిని కొంత తగ్గిస్తుంది. గాలి, వెలుతురు తగిలితే త్వరగా చెడిపోతుంది. సీసాలోని మందు గోధుమరంగుకు మారితే పారవేయండి. ముఖానికి నిమ్మకాయ రుద్దడం దీనికి బదులు కాదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కి నల్లటి మచ్చలు పడవచ్చు.

9. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్: ఎండను అడ్డుకునే సన్‌స్క్రీన్ క్రీములలో ఉంటాయి. ఎస్.పి.ఎఫ్. 30 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉండాలి. ఎండలో ఉంటే 2 గంటలకొకసారి మళ్లీ రాయాలి. ఎండను ఆపకుండా మంగుకు ఎన్ని మందులు రాసినా ప్రయోజనం ఉండదు. నాట్లకు, కలుపుకు వెళ్లేవారు తలమీద కొంగు గాని, అంచు వెడల్పుగా ఉన్న టోపీ గాని తప్పక వాడాలి.

ఈ పేర్లు కనిపిస్తే ఆగండి

బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినలోన్: ఇవి స్టెరాయిడ్లు. దురద వాపులకు, సోరియాసిస్‌కు డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందులే. ముఖం తెల్లబడడానికి నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది, నరాలు ఎర్రగా పైకి కనిపిస్తాయి, ఆడవారి ముఖాన వెంట్రుకలు మొలుస్తాయి. తామరకు రాస్తే దురద తగ్గినట్లే ఉండి, తామర ఒళ్లంతా పాకుతుంది. 2011లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, మన దేశంలోని చర్మ విభాగాలకు ముఖం సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నట్లు తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. మీరే చీటీ లేకుండా అడగకండి.

హైడ్రోక్వినోన్: మంగు మచ్చలకు డాక్టర్లు కొద్ది నెలలపాటు రాసే మందు. సొంతంగా ఏళ్ల తరబడి వాడితే మచ్చ పోకపోగా నీలి నలుపు రంగుకు తిరుగుతుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ మూడూ కలిసిన ట్యూబు మన షాపుల్లో బాగా అమ్ముడుపోతుంది. అది మందు, రోజూ రాసుకునే ఫేస్ క్రీము కాదు.

పాదరసం: ఎక్కడ తయారైందో తెలియని, మందు పేర్లు అసలే లేని తెల్లబరిచే క్రీములలో పాదరసం ఉండవచ్చు. అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021-2023 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. వారిలో 15 మందికి ఒకే అరుదైన రకం జబ్బు ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. అటువంటి క్రీము వాడేవారికి కాళ్లు, ముఖం వాచినా, మూత్రం నురగగా వచ్చినా ఆలస్యం చేయవద్దు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ డబ్బాను కూడా తీసుకువెళ్లండి.

ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే?

భయపడకండి. అమ్మాయిని తిట్టకండి. ఒక్కసారిగా మానితే మంట, ఎరుపు పెరగవచ్చు కనుక ట్యూబు తీసుకుని చర్మ వైద్యుని కలవండి. ఎలా మానాలో ఆయన చెబుతారు. కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఆ రోజులలో ఇంట్లోవారి ఓర్పే సగం వైద్యం. సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2018 నుండి ఉన్నది, దూరం పోవలసిన పని లేదు.

మరొక మాట. ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే ఏ క్రీమూ రాయకండి. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మందులు ఉచితం. తొందరగా చూపించుకుంటే వైకల్యం లేకుండా పూర్తిగా నయమవుతుంది.

గుర్తుంచుకోండి

- కొనే ముందు మందు పేరు, శాతం, గడువు తేదీ చదవండి. పేర్లు లేని డబ్బా కొనకండి.
- కొత్త క్రీమును ముందు ముంజేతి లోపలి వైపు రాసి 2 రోజులు చూడండి.
- ఒకేసారి నాలుగు రకాలు మొదలుపెట్టకండి. ఒకటి మొదలుపెట్టి, 4 వారాలు గడిచాక రెండవది.
- ఒకరికి రాసిన ట్యూబు మరొకరు వాడరాదు.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఏ మందు క్రీమూ రాయరాదు.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే అద్దం దగ్గరున్న ట్యూబును తిప్పి చదవండి. పైన చెప్పిన పేర్లలో ఏదైనా కనిపించి అనుమానం వస్తే, మీ రోగిని చూడడానికి తిరిగి వచ్చేటప్పుడు దానిని వెంట తీసుకువచ్చి డాక్టరుకు చూపించండి.