మళ్ళీ ఒకటో నెంబరు!

వారం వారం సీరియలు చదివే పాఠకులను ఒక్క సంగతి ఊహించుకోమంటాను. ఏడాది పొడుగునా మీరు కాచుకుని చదివిన కథలో, ఎన్నో కష్టాల మీదట నాయికకు పెళ్ళయింది. మరుసటి వారం పత్రిక తెరిస్తే, "ఈ సంచిక నుంచి కథ మళ్ళీ మొదటి ప్రకరణంతో ఆరంభమవుతుంది. నాయికకు ఇంకా పెళ్ళి కాలేదు" అని ప్రకటన కనిపించిందనుకోండి. సంపాదకునికి ఎన్ని ఉత్తరాలు వస్తాయి? వాటిలో అచ్చు వేయదగినవి ఎన్ని ఉంటాయి?

సరిగ్గా ఇలాంటి ప్రకటనే 2011 మే 31న అమెరికాలో వెలువడింది. చేసినవారు డి.సి. కామిక్సువారు, సూపర్ మాన్, బాట్ మాన్ మొదలైన మహావీరుల బొమ్మల కథలు వీరి సొత్తే. ఆగస్టు నెలాఖరు నుంచి మొత్తం 52 పుస్తకాలు ఒకటో నెంబరుతో కొత్తగా ప్రారంభమవుతాయనీ, వీరులు పడుచువాళ్ళవుతారనీ, దుస్తులు మారతాయనీ చెప్పారు. సూపర్ మాన్ పుట్టిన 'యాక్షన్ కామిక్సు' 1938లో పది సెంట్ల వెలతో మొదలై, అప్పటికి 904 సంచికలు నడిచింది. దాన్ని కూడా ఒకటికి దించారు!

ఈ పుస్తకాల అమ్మకం ఎలా జరుగుతుందో తెలిస్తేగాని అభిమానుల గగ్గోలు అర్థం కాదు. అమెరికాలో వీటికి ప్రత్యేకమైన అంగళ్ళున్నాయి. అప్పట్లో బుధవారం నాడు కొత్త సంచికలు వచ్చేవి. అంగడివాడు రెండు నెలలు ముందుగానే తనకెన్ని కాపీలు కావాలో చెప్పాలి. మిగిలిపోయిన కాపీలను సాధారణంగా వెనక్కి తీసుకోరు. కనుక వాడు తన దగ్గరకు వచ్చే ఖాతాదార్లను, "ఇది కొంటారా, మానేస్తారా?" అని ముందే అడిగి తెలుసుకుంటాడు. అంటే ఇంకా బొమ్మలైనా పూర్తిగా గీయని పుస్తకం బ్రతుకు, ఆ ప్రకటన చదివిన అభిమాని ముఖకవళికల మీద ఆధారపడి ఉంటుందన్నమాట. మామూలు పాఠకుడు చదివిన తరువాత అభిప్రాయం చెబుతాడు. ఈ అభిమాని చదవకముందే చెప్పాలి. పాపం, చెప్పక చేసేదేముంది!

నేనూ ఆ కథల పిచ్చి ఉన్నవాణ్ణే కాబట్టి నా అభిప్రాయం దాచను. సూపర్ మాన్ ఎర్రచెడ్డీ తీసేశారని లోకమంతా గోల పెట్టింది గాని, నాకు దాని మీద పెద్ద బెంగ లేదు. కొత్త 'యాక్షన్ కామిక్సు' మొదటి సంచికలలో గ్రాంట్ మారిసన్ అతనికి మామూలు జీన్సు, బనియను తొడిగి, బీదవాళ్ళ పక్షాన నిలబెట్టాడు. అది బాగానే ఉంది. 1938 నాటి తొలి కథలలో సూపర్ మాన్ అలాంటివాడే. నాకు కష్టం తోచినది అతని పెళ్ళి సంగతి. లోయిస్ లేన్ అనే పత్రికా విలేఖరితో దాదాపు అరవై ఏళ్ళు దోబూచులాడి, 1996లో పెళ్ళాడాడు. పదిహేనేళ్ళ కాపురాన్ని ఒక్క కలంపోటుతో తుడిచేశారు. విడాకులైనా కాదు సుమండీ, అసలు పెళ్ళే జరగలేదట!

కాని ఇంతకంటే లోతుగా గుచ్చుకున్నది బార్బరా గార్డన్ కథ. ఈమె ఒక పోలీసు కమిషనరుగారి కూతురు, వృత్తిచేత లైబ్రేరియన్. 1967 నుంచి రాత్రిపూట ముసుగు తొడుక్కుని బాట్ గర్ల్ పేరుతో దొంగలను పట్టేది. 1988లో అచ్చయిన ఒక పుస్తకంలో దుర్మార్గుడు జోకర్ ఆమెను తుపాకితో కాల్చాడు. వెన్నెముక దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. కథలో ఆమె పని అయిపోయినట్లే. అయితే కిం యేల్, జాన్ ఆస్ట్రాండర్ అనే రచయిత దంపతులకు అది మింగుడుపడలేదు. 1989లో వాళ్ళు ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్లముందు నిలిపి, ఆరకిల్ అనే పేరిచ్చారు. మన భాషలో సోదెమ్మ అనవచ్చు కాబోలు. ఎక్కడ ఏ ప్రమాదం జరిగినా మిగతా వీరులందరూ ఆమెనే అడిగేవారు. ఎగరలేదు, దూకలేదు, కాని ఆమె లేనిదే ఎగిరేవాళ్ళకు దారి తెలియదు.

ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి. కాళ్ళు లేనివాళ్ళు, జబ్బుతో మంచానికి అంటుకుపోయినవాళ్ళు ఈ కథలు చదివి, మాలో ఒకతె ఉన్నదని గర్వపడ్డారు. ఇన్ని వందలమంది వీరులలో అలాంటివారు ఎందరని? అందుచేత 2011 జూన్ లో, "బార్బరా లేచి నడుస్తుంది, మళ్ళీ బాట్ గర్ల్ అవుతుంది" అని ప్రకటన రాగానే, కొందరు ఎగిరి గంతేస్తే మరికొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇద్దరి బాధా, సంతోషమూ నిజమైనవే. చిన్ననాటి బాట్ గర్ల్ తిరిగివస్తోందని సంతోషించినవాళ్ళను నేను తప్పు పట్టలేను. కాని కుర్చీలో కూర్చున్నవాళ్ళకు మాత్రం, మీలాంటి బ్రతుకు బాగుచేయవలసిన పొరపాటు అని ఎవరో మొహంమీద అన్నట్లయింది.

విచిత్రమేమిటంటే, ఈ కొత్త బాట్ గర్ల్ ను వ్రాసే పని గెయిల్ సిమోన్ కు అప్పజెప్పారు. ఆమె 1999లో ఒక అభిమానిగా, ఈ కథలలో ఆడపాత్రలను ఎన్ని విధాల చంపారో, హింసించారో జాబితా కట్టి నలుగురిముందు పెట్టిన మనిషి. తరువాత తానే రచయిత్రి అయి, ఆరకిల్ ను ఏళ్ళ తరబడి అపురూపంగా నడిపింది. ఆమె ఆ కుర్చీని ఊరికే మాయం చేయలేదు. మూడేళ్ళు కదలలేక, దక్షిణాఫ్రికాలో చికిత్స పొంది నడక తెచ్చుకున్న మనిషిగా, తుపాకి కనపడితే గడ్డకట్టుకుపోయే పిల్లగా బార్బరాను చూపింది. మంచి కథ. అయినా సోదెమ్మ లేని లోటు లోటే.

అన్నట్టు ఆ 52 పుస్తకాలు ప్రారంభించినప్పుడు రచయితలలో స్త్రీ ఆమె ఒక్కతే. ఆ జూలైలో సాన్ డియాగో నగరంలో జరిగిన అభిమానుల జాతరకు బాట్ గర్ల్ వేషం వేసుకుని వచ్చిన ఒకామె, సభ సభకూ వెళ్ళి మైకు ముందు నిలబడి ఇదే ప్రశ్న వేసింది. వేదిక మీదివాళ్ళు, "ఎవర్ని పెట్టుకోవాలో చెప్పండి!" అని ఎదురడిగారు. నెల తిరగకుండా కంపెనీవారు, స్త్రీలకు అవకాశాలు పెంచుతామని ప్రకటన చేయక తప్పలేదు.

కొందరంటారు: రామాయణాన్ని ఎంతమంది ఎన్ని తీరులుగా చెప్పలేదూ, దీనికింత గొడవేమిటని. నిజమే. కాని కొత్త రామాయణం వ్రాసినవారెవరూ, పాతది జరగలేదని చెప్పలేదు. అదీకాక రామకథ ఎవరి ఆస్తీ కాదు. ఇవి కంపెనీ ఆస్తి. సూపర్ మాన్ ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే కుర్రవాళ్ళే 130 డాలర్లకు హక్కులు ధారాదత్తం చేసి, తరువాత దశాబ్దాలపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. కన్నవాళ్ళకే లేని అధికారం చదివేవాళ్ళకెక్కడిది?

అధికారం లేకపోయినా ఓపిక ఉన్నది. 2016లో 'యాక్షన్ కామిక్సు' పాత లెక్కకు తిరిగివచ్చి 957 అయింది. లోయిస్ తో కాపురం చేస్తూ, ఒక కొడుకును పెంచుతున్న సూపర్ మాన్ మళ్ళీ కనిపించాడు. 2018 ఏప్రిల్ లో వెయ్యో సంచిక వచ్చేసరికి ఎర్రచెడ్డీ కూడా తిరిగి వచ్చింది. బార్బరా కూడా తరువాత ఆరకిల్ పని చేపట్టింది. కుర్చీ మాత్రం రాలేదు.

ఇక 2024 జూలైలో డి.సి.వారు ఇంకో ప్రకటన చేశారు. 'అబ్సల్యూట్' అనే పేరుతో వేరే లోకంలో వేరే వీరులు. అందులో బాట్ మాన్ కు డబ్బు లేదు, మేడ లేదు, నౌకరు లేడు. తల్లి మాత్రం బ్రతికి ఉంది. ఈసారి నేను మొట్టమొదట వెదికింది కొత్త బొమ్మల కోసం కాదు, పాత బాట్ మాన్ పుస్తకం సాగుతుందా లేదా అని. సాగుతుందన్నారు. అక్టోబరులో మొదటి సంచిక రాగానే నిశ్చింతగా కొన్నాను. గొడ్డలిగా పనికివచ్చే గబ్బిలం గుర్తును గుండెమీద తగిలించుకుని, ఎద్దులా పెరిగిన ఆ బీదవాడు నాకు బాగా నచ్చాడు.