నడవడిక బాగుంటేనే పింఛను
అమెరికా మాజీ సైనికులకు నాడు ఇరుగుపొరుగు మాటే ఆధారం

వైకల్య పింఛను కోరే సైనికుడు తన అనారోగ్యంతో పాటు నడవడికనూ రుజువు చేసుకోవలసి వచ్చేది. అమెరికా అంతర్యుద్ధం (1861-65)లో ఉత్తరాది పక్షాన పోరాడిన వారికి ఎదురైన నిబంధన ఇది.

1862 నాటి చట్టం ప్రకారం విధి నిర్వహణలో కలిగిన వైకల్యానికే పింఛను లభించేది. 1890 జూన్ 27 నాటి చట్టం ఈ పరిధిని విస్తరించింది. కనీసం 90 రోజులు పనిచేసి, గౌరవప్రదంగా విడుదలైన సైనికుడు శ్రమ చేయలేని స్థితిలో ఉంటే, కారణం యుద్ధం కాకున్నా అర్హుడే. నెలకు 6 నుంచి 12 డాలర్లు చెల్లించేవారు. అయితే ఆ వైకల్యం దురలవాట్ల ఫలితం కారాదని షరతు విధించారు.

దీంతో తాగుడు వంటి వ్యసనాలు లేవని ఇరుగుపొరుగు వారు ప్రమాణ పత్రాలు ఇవ్వవలసి వచ్చేది. అనుమానం కలిగితే పింఛన్ల శాఖ ప్రత్యేక విచారణాధికారులను స్వగ్రామానికే పంపేది. వారు వాంగ్మూలాలు నమోదు చేయడమే కాక, సాక్షుల విశ్వసనీయతనూ నివేదించేవారు.

వితంతువులకూ ఈ పరీక్ష తప్పలేదు. పరపురుషునితో బహిరంగంగా సహజీవనం చేస్తే పింఛను రద్దయ్యేలా 1882లో చట్టం చేశారు. బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతి కుటుంబాల కష్టం మరింత ఎక్కువ. జనన, వివాహ పత్రాలు లేని వారికి తెలిసినవారి సాక్ష్యమే దిక్కయింది.

నాటి వాంగ్మూలాలు వాషింగ్టన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. పూర్వీకుల వివరాలు వెదికే వారికి అవి నేడు విలువైన ఆధారాలు.