వైర్‌లెస్ సైకిల్ కంప్యూటర్: కదలని సైకిల్‌లో సెల్ ఎందుకు అయిపోతుంది?

1. పరిచయం

సైకిల్ హ్యాండిల్‌కు బిగించుకునే చిన్న కంప్యూటర్ వేగాన్ని, ప్రయాణించిన దూరాన్ని చూపుతుంది. వైర్‌లెస్ రకంలో రెండు భాగాలుంటాయి: ముందు ఫోర్కుకు బిగించే సెన్సర్, హ్యాండిల్‌పై ఉండే డిస్‌ప్లే. సాధారణంగా దేని సెల్ దానికే ఉంటుంది. వీటిని వాడేవారు తరచుగా చెప్పే ఇబ్బంది ఒకటుంది: "సైకిల్ బయటికి తీయనే లేదు, నెల తిరిగేసరికి సెల్ అయిపోయింది." ఇదెలా సాధ్యం? ఓమ్ నియమం తెలిసిన మీరు దీనికి కారణాన్ని లెక్కకట్టి చెప్పగలరు.

2. సెన్సర్ పనిచేసే విధానం

చక్రం చువ్వకు ఒక చిన్న అయస్కాంతం బిగించి ఉంటుంది. చాలా సెన్సర్లలో రీడ్ స్విచ్ ఉంటుంది. అంటే, గాజు గొట్టంలో అమర్చిన రెండు పలుచని లోహపు రేకులు. అయస్కాంతం ఎదుటికి రాగానే రేకులు తాకి వలయం మూసుకుంటుంది, దాటిపోగానే తెరుచుకుంటుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, వేగం గంటకు 20 కి.మీ. అయితే, సెకనుకు సుమారు 2.6 సార్లు ఇలా జరుగుతుంది. స్విచ్ మూసుకుని ఉండే కాలం, రేడియో సంకేతం వెలువడే కాలం రెండూ అతి స్వల్పం. కనుక సగటు కరెంటు కూడా తక్కువే.

3. ఆగినప్పుడు జరిగే ఖర్చు

ఇప్పుడు సైకిల్ ఆపారు. అయస్కాంతం సరిగ్గా సెన్సర్ ఎదుటే నిలిచింది. స్విచ్ మూసుకునే ఉంటుంది. స్విచ్‌తో శ్రేణిలో 10,000 ఓమ్‌ల నిరోధకం ఉందనుకుందాం. సి.ఆర్.2032 సెల్ వోల్టేజి 3 వోల్టులు, సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్-గంటలు.

కరెంటు = 3 ÷ 10,000 = 0.3 మిల్లీ ఆంపియర్లు
ఆయుష్షు = 220 ÷ 0.3 = సుమారు 733 గంటలు, అంటే 30 రోజులు

అదే నిరోధకం 10 లక్షల ఓమ్‌లైతే, ఈ ఒక్క ఖర్చు కింద సెల్ 8 ఏళ్లకు పైగా రావాలి. కాబట్టి సెల్ ఆయుష్షును నిర్ణయించేది సైకిల్ తొక్కిన దూరం మాత్రమే కాదు. ఊరికే ఉన్న గంటల్లో ప్రవహించే కరెంటు కూడా.

4. మీటరు 3 వోల్టులు చూపినా...

సెల్ వాడుకలో అరిగేకొద్దీ దాని అంతర్నిరోధం పెరుగుతుంది. చలిలో ఇంకా పెరుగుతుంది. అంతర్నిరోధం 100 ఓమ్‌లైన సెల్ నుంచి సంకేతం పంపే క్షణంలో 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే, సెల్ లోపలే 1 వోల్టు తగ్గిపోతుంది. వలయానికి అందేది 2 వోల్టులే. మల్టీమీటరు దాదాపు కరెంటు తీసుకోదు కనుక ఈ లోపం దానికి కనిపించదు.

5. పాటించవలసినవి

• సైకిల్ నిలిపాక అయస్కాంతం సెన్సర్‌కు దూరంగా ఉండేలా చక్రాన్ని పావు చుట్టు తిప్పండి.
• నెలల తరబడి వాడకపోతే సెల్ తీసి ఉంచండి.
• తీసిన సెల్‌ను పిల్లలకు అందనివ్వకండి. "అయిపోయిన" సెల్‌లో కూడా వోల్టేజి మిగిలే ఉంటుంది. పిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో నిరోధకం 1,00,000 ఓమ్‌లైతే సెల్ ఎన్ని రోజులు వస్తుంది?

జవాబు: కరెంటు 0.03 మిల్లీ ఆంపియర్లు. సుమారు 305 రోజులు.