రెండు కోట్లు వేసినా సీలింగ్ మీద మరక మళ్లీ ఎందుకొస్తుంది? రంగుకు ముందు చేయాల్సిన పనులివే

చీరాల: 2023 డిసెంబర్ 5 మధ్యాహ్నం మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానలకు మా పడగ్గది శ్లాబు ఉరిసింది. ఫ్యాన్ పక్కన పళ్లెమంత పసుపు మరక తేలింది. మార్చిలో రంజాన్, ఆ తర్వాత ఈద్‌కి చుట్టాలొస్తారు, చూడ్డానికి బాగుండదని అమ్మీ అంటే తెల్ల ఎమల్షన్ రెండు కోట్లు వేయించాం. వారం తిరక్కుండానే అదే చోట అదే మరక. ఇంకో కోటు వేశాం, మళ్లీ వచ్చింది. డబ్బులు పోయాయి, మరక మాత్రం పోలేదు. చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే.

అసలు మరక ఎలా వస్తుంది?

డాబా మీద నిలిచిన నీళ్లు సన్న పగుళ్లలోంచి శ్లాబులోకి దిగుతాయి. దారిలో మట్టి, ఉప్పు, తుప్పు కరిగించుకుని కింద సీలింగ్ దాకా వస్తాయి. నీళ్లు ఆరిపోతాయి, ఆ రంగు మిగిలిపోతుంది. అందుకే మరక అంచు ముదురుగా ఉంటుంది.

ఎమల్షన్‌లో ఉండేది కూడా నీళ్లే. దాన్ని మరక మీద పూస్తే ఎండిన మరక మళ్లీ కరుగుతుంది. రంగు ఆరేటప్పుడు ఆ పసుపు కూడా పైకి వచ్చేస్తుంది. ఎన్ని కోట్లు వేసినా ఇదే కథ.

ముందు నీళ్లు ఆపాలి

మరక కింద కనిపించినా రోగం పైన ఉంటుంది. డాబా ఎక్కి పిట్టగోడ, శ్లాబు కలిసే మూల, వాననీటి గొట్టం చుట్టూ, నీళ్ల ట్యాంకు కింద చూడండి. ఆకులు అడ్డుపడి నీళ్లు నిలుస్తున్నాయేమో చూస్కోండి. పైన బాత్రూమ్ ఉంటే వాన లేకపోయినా చెమ్మ దిగుతుంది. పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే లోపలి పని.

ఆరిందో లేదో తెలుసుకోవడం సులువు. మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయండి. వానొచ్చాక మరక గీత దాటితే ఇంకా ఉరుస్తున్నట్టే. ఒక ప్లాస్టిక్ కవర్ ముక్కను మరక మీద నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచండి. కవర్ లోపల చెమ్మ పడితే రంగు వేయొద్దు, ఇంకొన్నాళ్లు ఆగండి. మనది సముద్రపు గాలి, శ్లాబు తొందరగా ఆరదు.

తర్వాత వరుసగా

1. ఉబ్బిన రంగు, వదులైన లప్పం గీకేయాలి. ఇల్లు పాతదైతే గీకే చోట కాస్త తడిపి గీకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. పిల్లలను, గర్భిణులను ఆ గదిలోకి రానివ్వొద్దు.

2. తెల్లగా ఉప్పు తేలితే పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

3. నల్ల బూజు ఉంటే బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి. బాత్రూమ్ యాసిడ్‌ను మాత్రం అందులో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

4. మరక మీద, దాని చుట్టూ జానెడు మేర ఆయిల్ ప్రైమర్ వేయాలి. షాపులో టర్పెంటైన్‌తో కలిపే రకం అని అడగండి. అందులో నీళ్లుండవు, కాబట్టి మరక కరగదు, లోపలే ఉండిపోతుంది. రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున పసుపు తొంగిచూస్తే ఇంకో కోటు. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో పొయ్యి, అగర్‌బత్తీ వెలిగించొద్దు.

5. లప్పం, సాండ్ పేపర్ పని అయ్యాక ఎమల్షన్. మరక ఉన్నంత మేరే వేస్తే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. సీలింగ్ మొత్తం వేయించడం మంచిది.

ఈ మరకను మాత్రం కప్పొద్దు

మరక గోధుమ ఎరుపులో గీతలా ఉండి, పక్కన పెచ్చులు ఊడుతుంటే లోపల ఇనుప ఊచలు తుప్పు పడుతున్నట్టు అనుమానించాలి. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును బయటకు నెడుతుంది. దాన్ని రంగుతో కప్పితే ఒక రోజు పెచ్చు నిద్రపోతున్న పిల్లల మీద పడొచ్చు. మంచం అక్కడి నుంచి జరపండి. ఇంజనీర్‌ని పిలిచి చూపించండి. ఫ్యాన్, లైటు దగ్గర చెమ్మ దిగితే ఆ గది కరెంటు ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఒక మాట. బజారులో ధాన్యం కుప్పలో ప్రవక్త (స) చెయ్యి పెడితే లోపల తడి తగిలిన సంగతి మనందరం విన్నదే. వానకు తడిసిందని అమ్మేవాడు చెబితే, తడిసింది పైన పెట్టి ఉండాల్సిందని ఆయన మందలించారు. ఉరిసే శ్లాబుకు కొత్త రంగేసి చూపించడం కూడా అలాంటిదే. బాగుచేసి ఇవ్వండి, లేదా ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వండి.

మా ఇంట్లో చివరికి పైన పిట్టగోడ మూల పూడ్పించి, ఆరనిచ్చి, చిన్న డబ్బా ఆయిల్ ప్రైమర్ వేశాం. మూడు కోట్ల ఎమల్షన్‌కు పెట్టిన డబ్బు ముందే పైన పెట్టి ఉంటే సరిపోయేది.