శికం లెక్క సూపెట్టాలంటే స్లైడు మన చేతుల ఉండాలె

కిందటేడు మా గ్రామసభల నా ఇజ్జత్ వోయినంత పనైంది. చెరువు శికం భూమి ఎవలెవల కిందికి వోయిందో సమాచార హక్కు కింద కాయితాలు దీసి, పది స్లైడ్లు జేస్కొని వోయిన. లాప్‌టాప్ ఇంకొకలది. ఫైలు తెరిస్తే తెలుగు లేదు, అంతా పిచ్చి ఇంగ్లీషు గుర్తులే. పెద్దసారు "మళ్ల సభల జూద్దాం" అని లేచిండు. మళ్ల సభ ఎన్నడైతదో మీకెర్కే.

తప్పు నాదే. నేను టైపు జేసింది పాత డీటీపీ ఫాంటుల. అండ్ల ఇంగ్లీషు అక్షరాల జాగల తెలుగు బొమ్మలు గూసోవెడ్తరు. ఆ ఫాంటు లేని మిషిన్ల అసలు రంగు బయటపడ్తది. యూనికోడ్‌ల అట్ల గాదు, 'క'కు దాని నంబరు దానికే ఉంటది. ఏ తెలుగు ఫాంటున్నా 'క' అనే చదువుతరు.

అప్పటిసంది స్లైడ్లు బ్రౌజర్ల జేస్తున్న. దాని పేరు రివీల్ జేఎస్. హకీమ్ ఎల్ హత్తాబ్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ 2011ల మొదలువెట్టిండు. ఎంఐటీ లైసెన్సు, అంటే పైస గట్టకుండ వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అండ్లున్న లైసెన్సు కాయితం మాత్రం తీసెయ్యొద్దు. దొంగ సాఫ్ట్‌వేర్ ఏస్కొని అవినీతి మీద మాట్లాడే బాధ తప్పింది నాకు.

నేను వాడేది 4వ వర్షన్. గిట్‌హబ్‌ల జిప్ ఫైలు దించుకొని విప్పితే ఇండెక్స్ అనే హెచ్‌టీఎంఎల్ ఫైలుంటది. రెండుసార్లు నొక్కితే క్రోమ్‌ల తెరుసుకుంటది. నెట్ అక్కర్లేదు. అదే ఫైలును నోట్‌ప్యాడ్‌ల తెరిస్తే సెక్షన్ అనే గుర్తులు గనిపిస్తయి. ఒక సెక్షన్ మొదలుకు, ముగింపుకు నడుమ ఉన్నదంత ఒక స్లైడు. నడుమ మన మాట రాసి, యూటీఎఫ్-8ల సేవ్ జెయ్యాలె. గంతే.

రంగు మార్చుడు అల్కగ. థీమ్ వరుసల బ్లాక్ అని ఉన్నకాడ వైట్ అని కొట్టుర్రి. నల్ల తెర పట్నం హాల్లల్ల మంచిగుంటది గని, పగటిపూట పంచాయతీ ఆఫీసు కిటికీల ముంగట ఏం గనిపియ్యది.

అసలు పని తెలుగుతోనే ఉంటది. ఈ టెంప్లేట్ ఇంగ్లీషు కొలతలకు కుట్టిన అంగీ. హెడ్డింగుల వరుసకు వరుసకు ఎడం 1.2 ఉంటది. ఇంగ్లీషుకు సాలు. మనకు కింద ఒత్తులు, పైన గుడులు. 'రాష్ట్ర' అని పై వరుసల ఉంటే దాని ఒత్తులు కింద వరుస గుడులకు తగుల్తయి, ముసలోళ్లు సదవలేరు. దాన్ని 1.6 జేస్తే అక్షరాలకు ఊపిరాడ్తది. అక్షరాల నడుమ అదనపు ఎడం వెట్టిన థీమ్ ఉంటే అది గుడ సున్న జేయుర్రి.

ఈ మార్పులు థీమ్ ఫైల్ల చెయ్యకుర్రి. రేపు కొత్త వర్షన్ దించుకుంటే అన్నీ కొట్టుకవోతయి. వేరే సీఎస్ఎస్ ఫైలు ఒకటి వెట్టి, దాని లింకు థీమ్ వరుస కింద రాయాలె. కిందున్నదే గెలుస్తది. మండలి లేదంటె నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఫైలు అదే ఫోల్డర్ల ఏసి, ఫాంట్-ఫేస్ అనే నియమంతోని పేరు జెప్తె, ఎవ్వల మిషిన్ల తెరిసినా అదే అక్షరం.

ఫొటోల కాడ మస్తుమంది ఆగమైతరు. సీ డ్రైవ్ నుంచి పూరా అడ్రస్ రాస్తరు, అది మీ మిషిన్లనే నడుస్తది. ఫొటో కూడా ఫోల్డర్లనే ఏసి ఉత్త పేరు రాయాలె. పేరు ఇంగ్లీషుల, నడుమ జాగ లేకుండ. ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌ల ఏస్కపోతె సరి. మార్క్‌డౌన్ వేరే ఫైల్ల రాసి పిలిస్తే మాత్రం సర్వర్ నడవకుండ రాదు, దాని జోలికి వోకుర్రి.

సభల నేను ఒక స్లైడుకు ఒక్క సర్వే నంబరే వెడ్త. వరుసలకు ఫ్రాగ్మెంట్ అనే క్లాసు ఇస్తే నొక్కినప్పుడల్ల ఒక్కోటి వస్తది: ముందుగాల విస్తీర్ణం, ఎనుక పాత పహాణీల ఏమున్నది, ఆఖరికి ఇప్పుడెవల పేరున్నది. ఆ మూడోది వచ్చేముందు జనం వాళ్లంతట వాళ్లే పేరు జెప్తరు. లొల్లి షురువైతే బీ నొక్కుర్రి, తెర నల్లగైతది, జనం మొఖాలు మనదిక్కు తిర్గుతయి. ఫుల్ స్క్రీన్‌కు ఎఫ్, అన్ని స్లైడ్లు ఒక్కతాన సూడనీకె ఎస్కేప్.

సభ ముందురాత్రే అడ్రస్ ఆఖర్ల ప్రశ్నార్థకం, ప్రింట్-పీడీఎఫ్ అని చేర్చి, కంట్రోల్ పీ కొట్టి పీడీఎఫ్ తీసుకోవాలె. నేనైతే అది ఊరి వాట్సాప్ గ్రూపుల ఏసే సభకు వోత. కరెంటు వోయినా, సారు లేచిపోయినా, లెక్క జనం ఫోన్లల్ల ఉంటది.