కవర్ లెటర్ ఎవరైనా చదువుతారా?

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైతే మన క్యాంటీన్‌లో వినపడే ప్రశ్నలు రెండే. ఒకటి, "కటాఫ్ ఎంతరా?" రెండోది, "కవర్ లెటర్ అని ఒక బాక్స్ ఉంది, ఏం రాయాలిరా?" ఈ రెండోదానికి ఎప్పుడూ వచ్చే జవాబు: "ఎవడు చదువుతాడు, వదిలెయ్."

ఆ జవాబులో సగం నిజం ఉంది. ముందు ఆ సగం చూద్దాం.

క్యాంపస్ డ్రైవ్‌లో మనం ప్లేస్‌మెంట్ సెల్ పంపే ఎక్సెల్ షీట్‌లో ఒక వరస మాత్రమే. పర్సెంటేజీ, బ్యాక్‌లాగులు, ఆన్‌లైన్ టెస్ట్ మార్కులు, వీటితోనే వడపోత. ఏపీపీఎస్సీకి రాతపరీక్ష ఉంది. గేట్ స్కోరు చూసి పిలిచే ప్రభుత్వ సంస్థలకి ఆ స్కోరే ముఖ్యం. ఆటోనగర్ షెడ్డులో పని నేర్చుకోవాలంటే ఉత్తరం కన్నా తెలిసినవాళ్ల మాట పనికొస్తుంది. ఇలాంటి చోట్ల రాత్రంతా కూర్చుని లెటర్ రాస్తే పోయేది మన నిద్రే.

ఇక రెండో సగం. ఆఫ్ క్యాంపస్‌లో పదిహేను మంది ఉన్న చిన్న కంపెనీకి మెయిల్ పెట్టినా, సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం ఎక్కడో ప్రొఫెసర్‌కి రాసినా, అవతల చదివేది మనిషే. అక్కడ మన మెయిలే కవర్ లెటర్. ఏమీ రాయకుండా రెజ్యూమే తగిలించి పంపడమంటే తలుపు తట్టి మాట్లాడకుండా నిలబడటమే.

దీనికి మంచి ఉదాహరణ మన పక్కనే, మద్రాసులో ఉంది. 1912 ఫిబ్రవరిలో పోర్ట్ ట్రస్ట్ ఆఫీసులో గుమాస్తా పనికి 24 ఏళ్ల కుర్రాడొకడు అర్జీ పెట్టాడు. డిగ్రీ లేదు. ఎఫ్.ఏ., అంటే మన ఇంటర్ లాంటిది, అదీ గట్టెక్కలేదు. నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు గారు నెలకి 25 రూపాయలిచ్చి కొన్నాళ్లు ఆదుకున్నారు. అలా ఊరికే తీసుకోవడం మనసొప్పక ఉద్యోగం వెతుక్కున్నాడు. ఆ కుర్రాడు శ్రీనివాస రామానుజన్.

ఆయన అర్జీ నాలుగైదు వాక్యాలే. మెట్రిక్ పాసయ్యానని, ఎఫ్.ఏ. దాకా చదివానని, పరిస్థితులు కలిసిరాక ఆపై సాగలేదని, అప్పట్నుంచీ కాలమంతా లెక్కలకే పెడుతున్నానని, ఇస్తే పని సరిగ్గా చేస్తానని. దానికి ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ సిఫారసు జత చేశారు. మార్చి 1 నుంచి ఉద్యోగం, నెలకి 30 రూపాయలు.

ఆ ఉత్తరం ఒక్కటే ఉద్యోగం తెచ్చిందనుకోవద్దు. సిఫారసు ఉంది. ఆ ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్న నారాయణ అయ్యర్ స్వయంగా లెక్కల మనిషి. కానీ ఆ అర్జీ నుంచి మనం నేర్చుకునేది ఒకటుంది. గ్యాప్‌ని దాచలేదు, దాని గురించి ఏడవలేదు. ఒక్క ముక్కలో చెప్పి, ఆ గ్యాప్‌లో ఏం చేశారో వెంటనే చెప్పారు.

మరుసటేడు జనవరి 16న హార్డీకి రాసిన ఉత్తరానికి పేజీలకొద్దీ సిద్ధాంతాలు జత చేశారు. హార్డీని కదిలించింది ఆ పేజీలే. మన భాషలో గిట్‌హబ్ లింకు!

ఇప్పుడు నా సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మాది కింద వాటా. పుస్తకాలు, ల్యాప్‌టాప్ నీళ్లపాలు. ఆ సెమిస్టర్ రెండు సబ్జెక్టులు పోయాయి. రెజ్యూమేలో అది "2 బ్యాక్‌లాగులు", అంతే. మొదట నెట్‌లో దొరికిన నమూనానే కంపెనీ పేరు మార్చి పంపేవాణ్ణి. ఒకదానికి పేరు మార్చడం కూడా మర్చిపోయా. తర్వాత వరద మీద అరపేజీ రాశా. మా సీనియర్ అన్న చదివి, "తమ్ముడూ, ఇది ఉద్యోగానికా, నష్టపరిహారానికా?" అన్నాడు.

చివరికి మిగిలింది ఇది: "వరదలో ఇల్లు మునిగి రెండు సబ్జెక్టులు తప్పాను, తర్వాతి సెమిస్టర్లో రెండూ పాసయ్యాను. ఆ రోజుల్లో మా వీధిలో ఎవరింటికి నష్టం లెక్క రాశారో, ఎవరింటికి రాయలేదో చూపించే వెబ్ పేజీ చేశాను. లింకు కింద ఉంది."

గన్నవరం దగ్గర ఒక చిన్న కంపెనీ పిలిచింది. మొదటి ప్రశ్నే ఆ పేజీ మీద. ఉద్యోగం రాలేదు, ఎస్‌క్యూఎల్ రౌండ్‌లో పోయా. కానీ బ్యాక్‌లాగులు చూసి పక్కన పడేయలేదు కదా!

కాబట్టి రాసేటప్పుడు ఇవి చాలు. ఏ పనికి అడుగుతున్నారు, వాళ్లనే ఎందుకు, మీరు చేసిన పని ఒకటి లింకుతో, రెజ్యూమేలో అనుమానం తెప్పించేది ఏదైనా ఉంటే దానికి ఒక్క వాక్యం. "హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్" తీసేయండి, అందరూ రాసేవి అవే. పంపేముందు ఒకసారి పైకి చదవండి.

కంపెనీ పేరు మాత్రం రెండుసార్లు చూసుకోండి.